ఆహార పూరకంగా గంధకం: ఎంఎస్ఎం ఆరోగ్య ప్రయోజనాలు - ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం:
మోకాళ్ళ నొప్పులకు, చర్మ సౌందర్యానికి, జుట్టు పెరుగుదలకు ‘సేంద్రియ గంధకం’ మేలు చేస్తుందనే ప్రచారం తెలుగులో విరివిగా వినిపిస్తోంది. ఈ పేరుతో అమ్ముడవుతున్న పదార్థం మిథైల్ సల్ఫోనైల్ మీథేన్. వ్యవహారంలో దీనిని ఎంఎస్ఎం అంటున్నారు. మానవ దేహానికి గంధకం ఏ రూపంలో అవసరం, ఆ అవసరం నిత్యాహారం వల్ల ఎలా తీరుతుంది, ఎంఎస్ఎం పై జరిగిన వైద్య పరీక్షలు ఏమి తేల్చాయి, ‘గంధకం’, ‘సేంద్రియ’, ‘పూరకం’ అనే మాటల్లోని అర్థ సందిగ్ధత ఈ ప్రచారానికి ఎలా తోడ్పడుతోంది అనే అంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: గంధకం, ఎంఎస్ఎం, ఆహార పూరకం, మెథియోనిన్, మోకాలి కీళ్ళ అరుగుదల, పరిభాష, అనువాదం.

1. ప్రవేశిక:

శాస్త్ర విషయం ఒక భాష నుంచి మరొక భాషలోకి వచ్చేటప్పుడు సమాచారంతో పాటు మాటలు కూడా వస్తాయి. ఆ మాటలకు లక్ష్య భాషలో అప్పటికే వేరే అర్థాలు స్థిరపడి ఉంటే, పాఠకుడు శాస్త్రం చెప్పని విషయాన్ని శాస్త్రం చెప్పినట్లుగా గ్రహించే ప్రమాదం ఉంటుంది. ఆరోగ్య విషయాలలో ఈ ప్రమాదం కేవలం భాషాపరమైనది కాదు. కీళ్ళ నొప్పితో బాధపడే వ్యక్తి ఏ మందు మానాలి, దేనికి డబ్బు ఖర్చు పెట్టాలి, వైద్యుని వద్దకు ఎప్పుడు వెళ్ళాలి అనే నిర్ణయాలు ఆ మాటల మీద ఆధారపడతాయి.

గంధకం విషయంలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. “గంధకం శరీరానికి అత్యవసరం” అనే వాక్యం సత్యం. “ఎంఎస్ఎం లో గంధకం ఉంది” అనే వాక్యమూ సత్యమే. ఈ రెండు సత్యాలను పక్కపక్కన పెట్టి “కాబట్టి ఎంఎస్ఎం శరీరానికి అత్యవసరం” అని చెప్పినప్పుడు అది తర్కం వలె కనిపిస్తుంది. అయితే మొదటి వాక్యంలోని గంధకం, రెండవ వాక్యంలోని గంధకం శరీరానికి ఒకే రూపంలో అందేవి కావు. ఈ భేదాన్ని వివరించడం, దాని వెలుగులో ఎంఎస్ఎం వల్ల నిజంగా కలిగే ప్రయోజనాన్ని అంచనా వేయడం ఈ వ్యాస ఉద్దేశం.

2. ‘గంధకం’ - ఒక పేరు, అనేక పదార్థాలు:

‘గంధ’ శబ్దం నుంచి గంధకం అనే పేరు ఏర్పడింది. తెలుగులో ‘గంధం’ అనగానే చందనపు సువాసన స్ఫురిస్తుంది, ‘గంధకం’ అనగానే ఘాటైన వాసన స్ఫురిస్తుంది. విశేషమేమిటంటే శుద్ధమైన గంధకానికి దాదాపు వాసన ఉండదు. కుళ్ళిన గుడ్డు వాసన హైడ్రోజన్ సల్ఫైడ్ అనే వాయువుది. గంధకం కాల్చినప్పుడు ముక్కుకు ఘాటుగా తగిలేది సల్ఫర్ డయాక్సైడ్. అంటే ఈ పేరు మూలకానికి చెందినదైనా, దానికి కారణమైన లక్షణం దాని సమ్మేళనాలది. ఒక రూపానికి చెందిన గుణాన్ని మరొక రూపానికి ఆరోపించడం ఈ పదం పుట్టుకలోనే ఉందన్నమాట.

సంస్కృతంలో గంధకానికి ‘శుల్వారి’ అనే పర్యాయపదం కూడా ఉంది. శుల్వం అంటే రాగి, అరి అంటే శత్రువు. గంధకం తగిలితే రాగి నల్లబడి సల్ఫైడుగా మారుతుంది కనుక ఈ పేరు సార్థకమే. ‘సల్ఫర్’ అనే మాట దీని నుంచే వచ్చిందనే అభిప్రాయం ప్రచారంలో ఉన్నా, దానికి ధ్వని సామ్యమే ఆధారం. ధ్వని సామ్యం ఒక్కటే వ్యుత్పత్తిని నిరూపించదు.

రసశాస్త్రంలో గంధకానికి పాదరసం తర్వాత ప్రముఖ స్థానం ఉంది. పాదరసాన్ని, గంధకాన్ని కలిపి నూరగా వచ్చే నల్లని పొడిని కజ్జలి అంటారు. ఔషధంగా వాడే ముందు గంధకాన్ని నేతిలో కరిగించి, గుడ్డ గుండా పాలలోకి వడకట్టే శోధన విధానం ఉంది. శోధించని గంధకాన్ని లోపలికి తీసుకోరాదనే జాగ్రత్త ఆ సంప్రదాయంలోనే ఉండటం గమనించదగినది. ఆధునిక వైద్యంలో గజ్జికి పూతగా గంధకపు లేపనం నేటికీ వాడుకలో ఉంది. రైతులు బూడిద తెగులు నివారణకు చల్లే గంధకపు పొడి, దీపావళి మందుగుండులో సూరేకారం, బొగ్గులతో కలిపే గంధకం కూడా ఈ మూలక రూపానికి చెందినవే.

1789లో లావోజియే ప్రకటించిన మూలకాల జాబితాలో గంధకం చేరింది. దాని పరమాణు సంఖ్య 16. అప్పటి నుంచి రసాయన శాస్త్రం గంధకాన్ని, గంధకం ఉన్న సమ్మేళనాలను విడివిడిగా చూస్తూ వచ్చింది. తెలుగు వ్యవహారంలో మాత్రం పసుపుపచ్చని ముద్ద, వెల్లుల్లిలోని ఘాటు, గుడ్డులోని పోషకం, సీసాలో అమ్మే తెల్లని పొడి అన్నీ ‘గంధకం’ అనే ఒకే మాటలో ఇమిడిపోతున్నాయి.

3. దేహంలో గంధకం - దాని రూపాలు:

సుమారు 70 కిలోల బరువున్న మనిషి దేహంలో దాదాపు 140 గ్రాముల గంధకం ఉంటుంది. అది విడిగా ఉండదు. అధిక భాగం మాంసకృత్తులలో, వాటిని నిర్మించే అమైనో ఆమ్లాలలో ఉంటుంది. మెథియోనిన్, సిస్టీన్ అనేవి మాంసకృత్తుల నిర్మాణంలో పాల్గొనే గంధక అమైనో ఆమ్లాలు. మెథియోనిన్‌ను దేహం తయారు చేసుకోలేదు, ఆహారం నుంచే పొందాలి. మెథియోనిన్ లభిస్తే దాని నుంచి సిస్టీన్‌ను దేహం తయారు చేసుకోగలదు.

గంధకం చేసే పనులు అనేకం. రెండు సిస్టీన్ అణువుల గంధక పరమాణువుల మధ్య ఏర్పడే బంధం మాంసకృత్తి ఆకృతిని నిలబెడుతుంది. వెంట్రుకలకు, గోళ్ళకు గట్టిదనాన్నిచ్చే కెరాటిన్‌లో ఇటువంటి బంధాలు అధికం. ఇన్సులిన్ అణువులో ఇవి మూడు ఉన్నాయి. కణాలను ఆక్సీకరణ నష్టం నుంచి కాపాడే గ్లూటాథయోన్ తయారీకి సిస్టీన్ అవసరం. కీళ్ళలోని మృదులాస్థికి సాగే గుణాన్నిచ్చే కాండ్రాయిటిన్ సల్ఫేట్‌లో గంధకం సల్ఫేట్ రూపంలో ఉంటుంది. థయమిన్, బయోటిన్ అనే విటమిన్లలోనూ గంధక పరమాణువు ఉంది.

ఇక్కడ ఒక కీలక విషయం ఉంది. మొక్కలు నేల నుంచి సల్ఫేట్‌ను పీల్చుకొని దాని నుంచి సిస్టీన్‌ను, మెథియోనిన్‌ను తయారు చేయగలవు. మానవ దేహానికి ఆ శక్తి లేదు. గంధకపు పొడి తిన్నా, సల్ఫేట్ ఉన్న నీరు తాగినా అది మెథియోనిన్‌గా మారదు. కనుక “మనిషికి గంధకం అవసరం” అనే వాక్యాన్ని “మనిషికి గంధక అమైనో ఆమ్లాలు అవసరం” అని సవరించి చదవాలి.

ఈ కారణంగానే అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2005లో ప్రచురించిన ఆహార ప్రమాణాలలో సల్ఫేట్‌కు ప్రత్యేక నిత్యావసర పరిమాణాన్ని నిర్ణయించలేదు. తగినంత గంధక అమైనో ఆమ్లాలు లభించే ఆహారంతో ఆ అవసరం తీరుతుందని పేర్కొంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థ, ఐక్యరాజ్య సమితి విశ్వవిద్యాలయం కలిసి 2007లో వెలువరించిన నివేదిక ప్రకారం వయోజనులకు మెథియోనిన్, సిస్టీన్ రెండూ కలిపి ప్రతి కిలో దేహ భారానికి రోజుకు 15 మిల్లీగ్రాములు కావాలి. 60 కిలోల వ్యక్తికి ఇది 900 మిల్లీగ్రాములు. ఒక కోడిగుడ్డులోనే ఇందులో దాదాపు మూడవ వంతు లభిస్తుంది.

4. నిత్యాహారంలో గంధకం:

శాకాహారులకు గంధకం చాలదనే మాట ఎంఎస్ఎం ప్రచారంలో తరచుగా వినిపిస్తుంది. తెలుగువారి భోజన క్రమాన్ని పరిశీలిస్తే దీనికి సమాధానం దొరుకుతుంది. కంది, పెసర, మినుము వంటి పప్పులలో లైసిన్ సమృద్ధిగా ఉంటుంది, మెథియోనిన్ కొరవడుతుంది. బియ్యంలో, జొన్నలో లైసిన్ కొరవడుతుంది, గంధక అమైనో ఆమ్లాలు పప్పుల కంటే మెరుగుగా ఉంటాయి. పప్పన్నం, ఇడ్లీ, పులగం వంటి వంటకాలలో ఒకదాని లోటును మరొకటి పూరిస్తుంది. నువ్వులలో మెథియోనిన్ ప్రత్యేకించి ఎక్కువ. నువ్వుల పొడి, చిమ్మిలి, పాలు, పెరుగు కూడా ఈ అవసరానికి తోడ్పడతాయి. ‘పూరకం’ అనే మాటకు సరైన ఉదాహరణ ఈ పప్పన్నమే.

వంటింటిలో గంధక సమ్మేళనాల మరొక వర్గం ఉంది. అవి ఘాటునిచ్చేవి. వెల్లుల్లి రెబ్బలో అల్లీన్ అనే వాసన లేని పదార్థం, అల్లీనేజ్ అనే ఎంజైము వేర్వేరు అరలలో ఉంటాయి. రెబ్బను చితికినప్పుడు రెండూ కలిసి ఘాటైన అల్లిసిన్ పుడుతుంది. అల్లిసిన్‌ను 1944లో కావలిటో, బెయిలీ అనే శాస్త్రజ్ఞులు వేరు చేశారు. ఆవాలలోనూ ఇదే పద్ధతి. ఆవాలను నీటితో నూరినప్పుడు మైరోసినేజ్ అనే ఎంజైము పనిచేసి ఘాటు పుట్టిస్తుంది. పోపులో వేసినప్పుడు వేడికి ఆ ఎంజైము నశిస్తుంది కనుక చిటపటలాడిన ఆవగింజకు ఆవపిండి ఘాటు రాదు. పనసపొట్టు కూరలో ఆవను చివర కలపడం వెనుక ఉన్న రసాయన కారణం ఇదే. ఉల్లి, వెల్లుల్లి తినని ఇండ్లలో ఆ రుచిని ఇచ్చే ఇంగువ వాసనకూ గంధక సమ్మేళనాలే కారణం. మునగాకులో, క్యాబేజీలో గ్లూకోసినోలేట్లు అనే గంధక సమ్మేళనాలు ఉన్నాయి.

ఈ ఘాటు పదార్థాలు దేహంలో మెథియోనిన్ చేసే పని చేయవు. వాటి జీవరసాయన ప్రభావాలు వేరు, వాటిపై పరిశోధనలూ వేరు. వెల్లుల్లిపై జరిగిన పరిశోధన ఫలితాన్ని ఎంఎస్ఎం కు, గుడ్డులోని మెథియోనిన్ గుణాన్ని వెల్లుల్లికి ఆపాదించడం సరికాదు.

5. ఎంఎస్ఎం - పుట్టుక, ప్రచారం:

ఎంఎస్ఎం అణువులో రెండు మిథైల్ సమూహాలు, వాటి నడుమ ఒక గంధక పరమాణువు, దానికి అతుక్కొని రెండు ఆక్సిజన్ పరమాణువులు ఉంటాయి. దాని బరువులో దాదాపు 34 శాతం గంధకం. ఇది వాసన లేని తెల్లని స్ఫటిక పదార్థం. నీటిలో సులభంగా కరుగుతుంది. కొద్దిగా చేదుగా ఉంటుంది.

దీని కథ డీఎంఎస్ఓ అనే మరొక ద్రవంతో ముడిపడి ఉంది. డైమిథైల్ సల్ఫాక్సైడ్ అనే ఆ ద్రవాన్ని రష్యన్ రసాయన శాస్త్రజ్ఞుడు జైత్సెవ్ 1860 దశకంలో తయారు చేశాడు. సుమారు ఒక శతాబ్దం తర్వాత కాగితపు గుజ్జు పరిశ్రమలో ఉప ఉత్పత్తిగా లభించిన ఈ ద్రవంపై అమెరికాలోని ఒరెగాన్‌లో స్టాన్లీ జేకబ్ అనే వైద్యుడు, రాబర్ట్ హెర్ష్లర్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు పరిశోధించారు. అది చర్మం గుండా లోపలికి చొచ్చుకుపోయే శక్తి కలది, నొప్పిని తగ్గిస్తుందనే ఆశ కలిగించింది. జంతువుల కంటి కటకంలో మార్పులు కనిపించడంతో 1965లో అమెరికా ఆహార ఔషధ సంస్థ మానవులపై పరీక్షలను నిలిపివేసింది. 1978లో మూత్రాశయానికి సంబంధించిన ఒక వ్యాధికి మాత్రమే దానికి అనుమతి లభించింది.

దేహంలోకి వెళ్ళిన డీఎంఎస్ఓ లో కొంత భాగం ఎంఎస్ఎం గా మారుతుంది. డీఎంఎస్ఓ వాడినవారి నోటి నుంచి, చర్మం నుంచి వెల్లుల్లి వంటి వాసన వస్తుంది. ఎంఎస్ఎం కు ఆ ఇబ్బంది లేదు. అందువల్ల పరిశోధకుల దృష్టి దాని మీదికి మళ్ళింది. 1994లో అమెరికాలో వచ్చిన ఆహార పూరకాల చట్టం ప్రకారం పూరకాలను అమ్మేముందు వాటి ప్రభావాన్ని మందుల వలె నిరూపించవలసిన అవసరం లేదు. 1999లో జేకబ్ సహ రచయితగా ‘ది మిరాకిల్ ఆఫ్ ఎంఎస్ఎం’ అనే పుస్తకం వెలువడింది. దాదాపు ఆ కాలంలోనే హాలీవుడ్ నటుడు జేమ్స్ కోబర్న్ తన కీళ్ళవాతానికి దీనివల్ల ఉపశమనం కలిగిందని చెప్పడం ప్రచారాన్ని పెంచింది. పుస్తకం శీర్షికలోని ‘మిరాకిల్’ (మహిమ) అనే మాట పరిశోధన పరిభాషకు చెందినది కాదు. పరిశోధన ఫలితాల కంటే ముందుగా ప్రచారం ప్రజలకు చేరిందనడానికి ఈ కాలక్రమమే నిదర్శనం. ప్రధానమైన పరీక్షలు ఆ తర్వాతే జరిగాయి.

6. ప్రయోజనాలు - ఆధారాల పరిశీలన:

6.1 మోకాలి కీళ్ళ అరుగుదల:

ఎంఎస్ఎం పై అధికంగా పరిశోధన జరిగిన వ్యాధి ఆస్టియో ఆర్థ్రైటిస్, అంటే కీళ్ళ అరుగుదల. ఈ పరిశోధనలలో ఒకటి హైదరాబాదులో జరిగింది. నిజామ్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడికల్ సైన్సెస్‌కు చెందిన ఉష, నాయుడు 2004లో ప్రచురించిన ఆ పరీక్షలో 118 మంది పాల్గొన్నారు. వారిని నాలుగు వర్గాలుగా విభజించి గ్లూకోసమైన్, ఎంఎస్ఎం, రెండింటి మిశ్రమం, ప్లాసిబో (మందు లేని మాత్ర) ఇచ్చారు. రోజుకు మూడుసార్లు 500 మిల్లీగ్రాముల చొప్పున 12 వారాలు వాడారు. ఎంఎస్ఎం వర్గంలో సగటు నొప్పి సూచిక 1.53 నుంచి 0.74కు, మిశ్రమం తీసుకున్న వర్గంలో 1.7 నుంచి 0.36కు తగ్గింది.

2006లో అమెరికాలో కిమ్ బృందం 50 మందిపై జరిపిన పరీక్షలో రోజుకు 6 గ్రాముల ఎంఎస్ఎం ను 12 వారాలు ఇచ్చారు. ప్లాసిబోతో పోల్చినప్పుడు నొప్పి తగ్గింది, రోజువారీ కదలికలు మెరుగుపడ్డాయి. కీళ్ళ బిగుతులో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. 2011లో ఇజ్రాయెల్‌లో డెబ్బీ బృందం 49 మందిపై రోజుకు 3.375 గ్రాములతో జరిపిన పరీక్షలోనూ నొప్పి కొంత తగ్గింది. అయితే ఆ మెరుగుదల స్వల్పమని, వైద్యపరంగా దాని ప్రాముఖ్యం ఎంతో స్పష్టం కాలేదని పరిశోధకులే పేర్కొన్నారు.

ఇక్కడ రెండు భావనలను వేరుచేసి చూడాలి. గణాంక ప్రాముఖ్యం అంటే రెండు వర్గాల మధ్య తేడా కేవలం యాదృచ్ఛికం కాకపోవచ్చు అని. వైద్య ప్రాముఖ్యం అంటే ఆ తేడా రోగికి తన జీవనంలో తెలిసేంత పెద్దదని. మొదటిది ఉన్నంత మాత్రాన రెండవది ఉండదు. ప్రచార సాహిత్యంలో “శాస్త్రీయంగా నిరూపితం” అనే మాట సాధారణంగా మొదటిదాన్ని చూపి రెండవదాన్ని స్ఫురింపజేస్తుంది. అప్పటివరకు వచ్చిన పరీక్షలను కలిపి విశ్లేషించిన బ్రియెన్ బృందం 2011లో, డీఎంఎస్ఓ, ఎంఎస్ఎం ల వల్ల మోకాలి నొప్పి వైద్యపరంగా లెక్కించదగినంతగా తగ్గుతుందని చూపే ఆధారం లేదని తేల్చింది.

ఈ ఫలితాలన్నింటినీ కలిపి చూస్తే ఒక సమతుల నిర్ణయానికి రావచ్చు. ఎంఎస్ఎం కొందరిలో మోకాలి నొప్పిని కొంత తగ్గించవచ్చు. పరీక్షలు చిన్నవి, వాటి కాలవ్యవధి మూడు నెలలే. కీళ్ళ అరుగుదల మాత్రం ఏళ్ళ తరబడి సాగే వ్యాధి. అరిగిన మృదులాస్థి ఎంఎస్ఎం వల్ల తిరిగి పెరుగుతుందని ఈ పరీక్షలు చూపలేదు.

6.2 ఇతర ప్రయోజనాలు:

అలెర్జీ వల్ల వచ్చే తుమ్ములు, ముక్కు దిబ్బడకు ఎంఎస్ఎం మేలు చేస్తుందనడానికి 2002లో వచ్చిన బారేజర్ బృందం అధ్యయనాన్ని చూపుతారు. అందులో 30 రోజులపాటు రోజుకు 2.6 గ్రాములు ఇచ్చారు, లక్షణాలు తగ్గాయని నివేదించారు. కాని ఆ అధ్యయనంలో ప్లాసిబో వర్గం లేదు. ఋతువు మారడంతో తగ్గిన అలెర్జీకి, మందు వల్ల తగ్గిన అలెర్జీకి భేదం చూపే మార్గం అందువల్ల లేకుండా పోయింది. చర్మం, జుట్టు, గోళ్ళ విషయంలో చెప్పే ప్రయోజనాలకు ఆధారం ఇంకా బలహీనం. కెరాటిన్‌లో గంధకం ఉన్న మాట నిజమే. ఆ గంధకం సిస్టీన్ ద్వారా వచ్చినది.

6.3 ఎంఎస్ఎం లోని గంధకం ఎటు వెళుతుంది?:

3 గ్రాముల ఎంఎస్ఎం లో దాదాపు 1 గ్రాము గంధకం ఉంటుంది. 60 కిలోల వ్యక్తికి కావలసిన 900 మిల్లీగ్రాముల గంధక అమైనో ఆమ్లాలలో ఉండే గంధకం సుమారు 200 మిల్లీగ్రాములు. లెక్క ప్రకారం ఎంఎస్ఎం ఐదు రెట్లు గంధకాన్ని ఇస్తున్నట్లే. కాని రేడియోధార్మిక గంధకంతో గుర్తించిన ఎంఎస్ఎం ను ఎలుకలకు ఇచ్చి పరిశీలించిన 2007 నాటి అధ్యయనంలో 85 శాతానికి పైగా మూత్రం ద్వారా బయటకు వెళ్ళిపోయింది. 1986లో గినీ పందులపై జరిగిన ప్రయోగంలో అతి స్వల్ప భాగం రక్తంలోని మాంసకృత్తులలో చేరినట్లు కనిపించింది. ఎంఎస్ఎం వల్ల నొప్పి తగ్గితే దానికి కారణం గంధక లోపం తీరడం కాదు, వాపు ప్రక్రియ మీద ఆ అణువుకు ఉన్న ప్రభావం కావచ్చునని పరిశోధకులు భావిస్తున్నారు. అంటే అది ఆహారంగా కంటే మందు వలె పనిచేస్తోంది. మందుగా పనిచేసేదాన్ని మందుకు వర్తించే ప్రమాణాలతోనే తూచాలి.

7. పరిభాష - అనువాద సమస్య:

ఇంగ్లీషు ప్రచారంలో ఎంఎస్ఎం ను ‘ఆర్గానిక్ సల్ఫర్’ అంటారు. రసాయన శాస్త్రంలో ‘ఆర్గానిక్’ అంటే కర్బన సమ్మేళనం అని మాత్రమే అర్థం. ఎంఎస్ఎం లో కర్బనం ఉంది కనుక ఆ అర్థంలో మాట సరైనదే. తెలుగులోకి ఇది ‘సేంద్రియ గంధకం’గా వచ్చింది. తెలుగు పాఠకునికి ‘సేంద్రియ’ అనగానే రసాయన ఎరువులు లేని సేద్యం, సేంద్రియ బియ్యం, సేంద్రియ బెల్లం గుర్తుకు వస్తాయి. మార్కెట్టులో దొరికే ఎంఎస్ఎం డీఎంఎస్ఓ ను హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో ఆక్సీకరించి కర్మాగారంలో తయారు చేసే పదార్థం. కర్మాగారంలో తయారైనంత మాత్రాన అది హానికరం కాదు. కాని పొలంలో పండినదనే భావన కలిగించడం తప్పుదారి పట్టించడమే. ‘ఆర్గానిక్ కెమిస్ట్రీ’కి ‘కర్బన రసాయన శాస్త్రం’ అనే అనువాదం తెలుగు పాఠ్యపుస్తకాలలో ఉంది. ఆ సంప్రదాయాన్ని అనుసరించి ‘కర్బన గంధక సమ్మేళనం’ అని ఉంటే ఈ భ్రమకు అవకాశం తక్కువ.

‘సహజం’ అనే విశేషణమూ ఇటువంటిదే. పాలలో, కాఫీలో, టమాటాలో ఎంఎస్ఎం సహజంగా ఉంటుంది. అయితే అది కిలోకు కొద్ది మిల్లీగ్రాములు మాత్రమే. రోజుకు 3 గ్రాములు పాల ద్వారా పొందాలంటే వందల లీటర్లు తాగాలి. సహజంగా లభించే పదార్థం, అది సహజంగా లభించే పరిమాణం రెండూ వేర్వేరు విషయాలు.

‘పూరకం’ అనే మాట కొరతను సూచిస్తుంది. లోటు ఉన్నచోట దాన్ని నింపేదే పూరకం. ఇనుము లోపించినవారికి ఇనుము మాత్ర పూరకం. ఎంఎస్ఎం లోపం అనే వ్యాధి వైద్యశాస్త్రంలో లేదు. లేని లోటును నింపే పదార్థానికి పూరకమనే పేరు పెట్టగానే లోటు ఉన్నదనే నమ్మకం దానంతట అదే ఏర్పడుతుంది.

8. జాగ్రత్తలు:

ఎంఎస్ఎం పరీక్షలలో తీవ్రమైన దుష్ఫలితాలు కనిపించలేదు. కొందరిలో కడుపు ఉబ్బరం, వికారం, విరేచనాలు, తలనొప్పి వంటి స్వల్ప ఇబ్బందులు రావచ్చు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు, రక్తం పలచబరిచే మందులు వాడేవారు వైద్యుని సంప్రదించకుండా వాడరాదు.

పేర్ల పోలిక వల్ల కలిగే మరొక గందరగోళాన్నీ తొలగించుకోవాలి. ‘సల్ఫా’ మందులు పడనివారు గంధకమంతా తమకు పడదని భయపడుతుంటారు. 1930 దశకంలో గెర్హార్డ్ డొమాక్ పరిశోధనతో వాడుకలోకి వచ్చిన సల్ఫోనమైడ్ మందులలో గంధకం నత్రజనితో బంధమై ఉంటుంది. ఎంఎస్ఎం లో నత్రజని లేదు. గుడ్డులోని, వెల్లుల్లిలోని గంధకానికీ ఆ మందుల అలెర్జీకీ సంబంధం లేదు. ఎండబెట్టిన పండ్లలో, కొన్ని పానీయాలలో నిల్వ కోసం కలిపే సల్ఫైట్లు మరొక వర్గం. అవి కొందరు ఉబ్బసం రోగులకు ఇబ్బంది కలిగిస్తాయి. దుకాణంలో దొరికే గంధకపు పొడిని ‘ఆహార గంధకం’ అనుకొని తినడం అన్నింటికన్నా ప్రమాదకరమైన పొరపాటు.

భారతదేశంలో ఆహార పూరకాలు ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ పరిధిలోకి వస్తాయి. 2016 నాటి నిబంధనల ప్రకారం వీటి చీటీ మీద ‘ఔషధ వినియోగానికి కాదు’ అనే హెచ్చరిక ఉండాలి. ప్రకటనలో నొప్పి నివారిణిగా, చీటీ మీద ఔషధం కానిదిగా ఒకే పదార్థం కనిపించినప్పుడు పాఠకుడు నమ్మవలసింది చీటీనే.

9. ముగింపు:

గంధకం లేనిదే మానవ దేహం లేదు. ఆ గంధకం మెథియోనిన్, సిస్టీన్ రూపాలలో నిత్యాహారం ద్వారా లభిస్తుంది. తగినంత పప్పు, ధాన్యం, నువ్వులు, పాలు, గుడ్డు తినేవారికి ప్రత్యేకంగా గంధకం కొనుక్కోవలసిన అవసరం లేదు. ఎంఎస్ఎం ఆ ఆహారానికి ప్రత్యామ్నాయం కాదు. మోకాలి కీళ్ళ అరుగుదలలో అది స్వల్పకాలిక ఉపశమనం ఇవ్వవచ్చుననడానికి పరిమితమైన ఆధారాలు ఉన్నాయి. హైదరాబాదు పరీక్ష వాటిలో ఒకటి. వైద్యుని సలహాతో, జరుగుతున్న చికిత్సను మానకుండా, కొన్ని వారాలు వాడి చూసి ఫలితం లేకపోతే విడిచిపెట్టడం వివేకం. అంతకు మించి చెప్పే ప్రయోజనాలకు ఆధారం చాలదు.

ఈ పరిశీలన భాషా బోధకులకు ఒక కర్తవ్యాన్ని సూచిస్తుంది. విడి మూలకానికి ‘మూలక గంధకం’, ఆహారంలోని పోషకాలకు ‘గంధక అమైనో ఆమ్లాలు’, ఎంఎస్ఎం వంటి వాటికి ‘కర్బన గంధక సమ్మేళనాలు’, మందులకు ‘సల్ఫా మందులు’, నిల్వ పదార్థాలకు ‘సల్ఫైట్లు’ అని వేర్వేరు పేర్లను నిలకడగా వాడితే, ఆరోగ్య ప్రచారంలోని సగం గందరగోళం మాటల స్థాయిలోనే తొలగిపోతుంది. “గంధకం మంచిదా?” అనే ప్రశ్నకు సమాధానం లేదు. ఏ రూపంలో, ఎంత మోతాదులో, ఏ వ్యాధికి, ఏ ఆధారంతో అని అడిగినప్పుడే అది సమాధానం చెప్పదగిన ప్రశ్న అవుతుంది. అలా అడగడం తెలుగులో సాధ్యం కావాలంటే అందుకు తగిన మాటలు తెలుగులో స్థిరపడాలి.